ఎండబెట్టిన ఈత కొలను

తూర్పుతీర నావిక భద్రతా శిక్షణ సంస్థలో ఈత కొలను ఎండిపోయిందని ఎవరైనా అంటే డైరెక్టర్ త్రివిక్రమరావు గారికి ఎక్కడలేని కోపం వస్తుంది. ఎండిపోవడం అంటే నిర్లక్ష్యం. ఆయన దాన్ని ఎండబెట్టించారు. ఎండబెట్టించడం అంటే పరిపాలన.

ఓడ మీద పనిచేసే ఎవరైనా సరే, కెప్టెన్ కానివ్వండి, వంటవాడు కానివ్వండి, ముందు ఇలాంటి సంస్థలో ప్రాథమిక భద్రతా శిక్షణ పొంది సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. నీళ్ళలో పడితే తేలడం, నిప్పంటుకుంటే ఆర్పడం, తోటివాడికి దెబ్బ తగిలితే కట్టు కట్టడం, ఓడ వదిలేయాల్సి వస్తే పడవ దించుకుని బతికి బయటపడడం. ఇంతే చదువు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. అందుకే దాన్ని అర్థం కాకుండా చెయ్యడానికి ఒక డైరెక్టరూ, ఒక కమిటీ, ఆ కమిటీ పనిని సమీక్షించడానికి ఇంకో కమిటీ కావాల్సి వచ్చాయి.

కర్రి నూకరాజు సంచీ భుజానేసుకుని ఆ సంస్థ గేటు ముందు ఆటో దిగేనాటికి అతనికి ఈ సంగతులేవీ తెలియవు. అతను అనకాపల్లి అవతల ఒక కాలేజీ హాస్టల్లో వంటవాడు. వందల మందికి ఒంటిచేత్తో సాంబారు కాచగలడు. తెలిసినవాళ్ళెవరో మాట సాయం చేస్తే సరుకు ఓడలో వంటపని ఖాయమైంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ నూకరాజుకి నీళ్ళంటే వణుకు. చిన్నప్పుడు బావిలో పడ్డాడు. ఎవరో చేద తాడు విసిరేదాకా గోడలో పొడుచుకొచ్చిన రాయి పట్టుకుని వేళ్ళాడాడు. ఇప్పటికీ తలమీద చెంబుడు నీళ్ళు పోసుకోవాలంటే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు.

ఈ సంగతి అతని భార్య వరాలుకి తెలుసు. "ఓడెక్కితే ఎక్కు. ఈత రాకుండా మాత్రం ఎక్కొద్దయ్యా. నా నెత్తి మీద చెయ్యేసి చెప్పు" అంది.

"అక్కడ నేర్పుతారటే. అందుకే కదా రమ్మన్నారు" అని నూకరాజు ఆమె నెత్తి మీద చెయ్యేశాడు.

అందుకని సంస్థలో అడుగుపెట్టగానే, హాస్టలు గది ఎక్కడో కూడా అడక్కుండా, "ఈతకొలను ఎటువైపండి?" అని అడిగాడు. ఎదురుగా ఉన్నాయన ఇన్‌స్ట్రక్టర్ జోసెఫ్ సుందరం. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో తిరిగి ఇక్కడ తేలినవాడు. ఇంకో రెండేళ్ళు నోరు మెదపకుండా గడిపితే హాయిగా రిటైరవుదామని చూస్తున్నవాడు.

"నువ్వు నిలబడింది దాని మీదేనోయ్" అన్నాడు సుందరం మాస్టారు.

నూకరాజు కిందికి చూశాడు. ఆకుపచ్చ తివాచీ. దాని మీద వరసగా కుర్చీలు. గోడకి మాత్రం పాత బోర్డు అలాగే ఉంది: 'లోతు ఎనిమిది అడుగులు'.

దీని వెనక చాలా కథ ఉంది. నాలుగేళ్ళ కిందట ఈ కొలనులో నిండా నీళ్ళుండేవి. కొత్తగా వచ్చినవాళ్ళని లైఫ్ జాకెట్ తొడిగి పైనించి దూకమనేవారు. కొందరు ఏడ్చేవారు, కొందరు దేవుణ్ణి తలుచుకునేవారు, చివరికి అందరూ తేలేవారు. ఒకరోజు ఒకాయనకి ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గొచ్చింది. ఆ దగ్గు రికార్డులకెక్కింది. సరిగ్గా ఆ ఏడే 'శూన్య ప్రమాద పురస్కారం' అనే వెండి షీల్డు పక్క రాష్ట్రం సంస్థకి పోయింది. ఒక్క దగ్గు వల్ల షీల్డు చేజారిందని డైరెక్టర్ గారు వారం రోజులు సరిగ్గా భోంచెయ్యలేదు.

తర్వాత కమిటీ కూర్చుంది. ప్రమాదానికి మూలకారణం నీరని తేల్చింది. నీటిమట్టం ఎనిమిది అడుగుల నుంచి నాలుగుకి దించారు. నాలుగడుగుల నీళ్ళలో కూడా మనిషి మునగగలడని రెండో కమిటీ కనిపెట్టింది. మోకాలి లోతుకి దించారు. అప్పుడు కొలను అడుగున కాలు జారే అవకాశం ఉందని 'తడి నేల, జాగ్రత్త' అని బోర్డు పెట్టారు. బోర్డు తగిలి ఒకడు బోర్లా పడ్డాడు. ఇక లాభంలేదని నీళ్ళన్నీ తోడించేశారు. తీరా చూస్తే ఎనిమిదడుగుల గొయ్యి నోరు తెరుచుకుని కనిపించింది. నీళ్ళుంటే పడ్డవాడు తేలతాడు, నీళ్ళు లేకపోతే నడుం విరుగుతుంది. ఇది ఇంకా ప్రమాదం. దాంట్లో ఇసక పోయించి, పైన చెక్కలు వేయించి, తివాచీ పరిపించారు. ఆ ఏడు వెండి షీల్డు వచ్చింది. ప్రారంభోత్సవం నాడు డైరెక్టర్ గారు గద్గద స్వరంతో, "ఈ కొలనులో ఇకపై ఎవరూ మునగబోరని సగర్వంగా ప్రకటిస్తున్నాను" అన్నారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

షీల్డు వచ్చాక సంస్థ పేరు మారుమోగిపోయింది. ఓడల కంపెనీలు కొత్తవాళ్ళని శిక్షణకీ, పాతవాళ్ళని మళ్ళీ మెరుగు పెట్టించుకోడానికీ ఇక్కడికే పంపడం మొదలుపెట్టాయి. ఏటేటా షీల్డు ఇక్కడికే వస్తోంది.

మర్నాడు ఈత తరగతి. సుందరం మాస్టారు అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరు నీళ్ళలో ఉన్నారు. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి" అన్నాడు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగడంతో అందరికీ చెమటలు కారుతున్నాయి. "నీళ్ళు మెడదాకా వచ్చాయి. ఊఁ, అందరూ చెప్పండి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్ళు, ఊపిరి!"

"కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్ళు, ఊపిరి!" అని హాలంతా అరిచింది.

నూకరాజు చేతులు కూడా ఆడించబోయాడు. మాస్టారు పరుగున వచ్చి పట్టుకున్నాడు. "చేతులు ఆడించకూడదోయ్! పోయిన బ్యాచ్‌లో పక్కవాడి దవడకి మోచెయ్యి తగిలింది. అప్పట్నించీ ఈత నోటితోనే."

"నోటితో ఈదితే తేలతామా అండి?"

"మార్కులు తేలతాయి" అన్నాడు మాస్టారు, ఇంకేమీ అడగొద్దన్నట్టు.

నిజంగానే తేలాయి. హాస్టల్లో వందల కంచాల చప్పుడు మధ్య "పప్పు ఇటు పట్రండ్రా!" అని అరిచిన గొంతు నూకరాజుది. నోటి ఈతలో అతన్ని మించినవాడు లేకపోయాడు. మొదటి వారంలోనే ఈతలో డిస్టింక్షన్ వచ్చింది.

నిప్పు తరగతి ఇంకా బావుంది. పూర్వం ఇనప తొట్టెలో డీజిలు పోసి వెలిగించి దాన్ని ఆర్పించేవారు. పొగకి కళ్ళు మండుతున్నాయని మానేశారు. తర్వాత ఫ్యాన్ ముందు ఎర్రగుడ్డ కట్టి, అది రెపరెపలాడుతుంటే మంటనుకొమ్మన్నారు. గుడ్డకి నిప్పంటుకునే గుణం ఉందని ఎవరో నివేదిక ఇచ్చారు. ఇప్పుడు గోడమీద మంట బొమ్మ వేయించారు. చక్కటి బొమ్మ. మంటలు ఆర్పే సిలిండర్ని మాత్రం ముట్టుకోనివ్వరు, లోపల ఒత్తిడి ఉంటుందిట. ఖాళీ చేతులు ముందుకి చాపి, బొమ్మకి దూరంగా నిలబడి, నోటితో 'స్‌స్‌స్' అనాలి. బొమ్మ ఇంతవరకూ ఎవర్నీ కాల్చలేదు.

లైఫ్ జాకెట్లు బీరువాలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లలో, సీళ్ళతో. సీలు తీస్తే జాకెట్ పాతదవుతుంది, పాత జాకెట్ ప్రమాదం. అందుకని చొక్కా విప్పి మళ్ళీ తొడుక్కోవడం ద్వారా ఆ పాఠం పూర్తిచేశారు. పడవ దించడం గోడమీద ఇంకో బొమ్మలో చూపించారు. అన్నిటికంటే ముఖ్యమని ఒక సూత్రం రోజూ ప్రార్థనలో చెప్పించేవారు: "ఓడ అంచు దగ్గరికి వెళ్ళను. అంచు దగ్గరికి వెళ్ళినవాడే నీళ్ళలో పడతాడు."

రోజూ సాయంత్రం వరాలు ఫోన్ చేసేది. ఒకటే ప్రశ్న. "నీళ్ళలోకి దిగేవా?"

"ఇంకా లేదే. ఈతలో డిస్టింక్షన్ వచ్చింది."

"డిస్టింక్షన్ అంటే ఏటి? తేలతావా?"

భోజనాల గంట కొట్టారని నూకరాజు ఫోన్ పెట్టేసేవాడు. రాత్రుళ్ళు పడుకుంటే బావి గోడా, పాకురు పట్టిన రాయీ కళ్ళముందు కనిపించేవి. నాలుగు రోజుల్లో ఓడెక్కాలి. సర్టిఫికెట్ చేతికొస్తుంది, అందులో సందేహం లేదు. కానీ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని నీళ్ళలో పడితే అది తడుస్తుంది తప్ప తేల్చదని వంటవాడికి కూడా తెలుసు.

ఆదివారం పొద్దున్నే అతను ఓ నిర్ణయానికొచ్చాడు. సంస్థ వెనక ప్రహరీ గోడ, గోడ అవతల సముద్రం. గోడ దాటి లుంగీ ఎగ్గట్టి, దేవుడా అనుకుంటూ నీళ్ళలో కాలు పెట్టాడు. అల వచ్చి మోకాళ్ళని తాకింది. ఒళ్ళంతా జలదరించింది. ఇంకో అడుగు వేశాడు. భయం వేసింది గానీ, భయం వెనకాల చిన్నపిల్లాడి సంతోషం లాంటిది కూడా వచ్చింది. మూడో అడుగు వేసేలోపల వెనక నుంచి ఈల వినిపించింది. సెక్యూరిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చి, గజదొంగని పట్టుకున్నట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చేశారు.

మర్నాడు విచారణ. డైరెక్టర్ గారు మధ్యలో, కమిటీ సభ్యులు అటూ ఇటూ.

"శిక్షణార్థి కర్రి నూకరాజు అను నీవు, నిన్నటి దినమున నీటితో అనధికార సంపర్కంలోకి వచ్చిన మాట వాస్తవమా?"

"మోకాళ్ళ దాకానేనండి."

"ఎంతమేర అన్నది అప్రస్తుతం. ఎవరి అనుమతితో?"

"సముద్రానికి ఎవర్ని అడగాలో తెలవలేదండి బాబూ."

కమిటీ సభ్యులు తలలు పంకించారు. నేరం తీవ్రమైనదే. డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడేళ్ళుగా ఈ సంస్థలో ఒక్క శిక్షణార్థి కూడా తడవలేదు. ఒక్కడంటే ఒక్కడు. నీ మోకాళ్ళ వల్ల ఆ చరిత్రకు మచ్చ రాబోయింది. కోర్సు పూర్తికాకుండా నీళ్ళలో దిగడం ఎంత ప్రమాదకరమో నీకు అవగాహన ఉన్నదా?"

"కోర్సు అయిపోయేకైనా దింపుతారా అండి?"

"కోర్సు అయ్యాక నీ దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది కదా. ఇంక దిగాల్సిన ఆవశ్యకత ఏమిటి?"

నూకరాజుకి కోపం వచ్చింది. కానీ ఇంకో మాటంటే సర్టిఫికెట్ ఆపేస్తామన్నారు. సర్టిఫికెట్ ఆగితే ఓడ పోతుంది. హాస్టల్లో అతని గరిటె ఇప్పటికే వేరేవాడి చేతిలో ఉంది. చేతులు కట్టుకుని తప్పయిపోయిందన్నాడు. ఇకపై నీటికి దూరంగా ఉంటానని మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ ప్రమాణం చేయించారు. డైరెక్టర్ గారికి ఆ ప్రమాణం ఎంత నచ్చిందంటే, అప్పట్నించీ ఓడలెక్కబోయే ప్రతివాడి చేతా చేయించమని ఉత్తర్వు ఇచ్చారు.

నాలుగో రోజు నూకరాజు ఓడెక్కాడు. వరాలుకి ఫోన్లో, "నేర్పీసేరే" అని అబద్ధం చెప్పాడు. ఆమె ఎంత సంతోషపడిందో విన్నాక ఆ పూట అన్నం సయించలేదు.

ఓడలో మొదటిరోజే తెలిసింది, అక్కడున్న వాళ్ళంతా ఆ సంస్థలోనే చదివారని. కెప్టెన్ రామ్మోహన్ గారు కూడా మొన్ననే మళ్ళీ మెరుగు పెట్టించుకుని వచ్చారు. ఆయన నోటి ఈతకి కూడా డిస్టింక్షనే. అంతమంది డిస్టింక్షన్ల మధ్య నూకరాజుకి గుండెల్లో రాయి పడింది.

మూడో వారంలో ఓడ రేవు బయట లంగరేసి, లోపలికి పిలుపు కోసం కాచుకుని ఉంది. కూరగాయల పడవొకటి వచ్చి పక్కన ఆగింది. బుట్టలు పైకి లాక్కోడానికి అంచున కట్టిన ఇనప గొలుసు విప్పారు. బుట్టలు ఎక్కాయి, పడవ వెళ్ళిపోయింది. గొలుసు మళ్ళీ తగిలించాలంటే అంచు దాకా వెళ్ళాలి. అంచు దగ్గరికి వెళ్ళకూడదని అందరూ రోజూ ప్రార్థనలో చెప్పినవాళ్ళే. గొలుసు అలాగే వేళ్ళాడుతూ ఉండిపోయింది.

నూకరాజుకి ఈ సంగతి తెలియదు. బియ్యం అయిపోయిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ముని కడిగి, దారిలో మూత పడిపోకుండా బిగించి, ఎండలో పెడదామని రెండు చేతులా కావిలించుకుని డెక్ మీదికి తెచ్చాడు. ఓడ ఒక పక్కకి ఒరిగింది. తడికాలు జారింది. గొలుసు ఉండాల్సినచోట గాలి తప్ప ఏమీ లేదు. డ్రమ్ముతో సహా సముద్రంలోకి వెళ్ళిపోయాడు.

"పడ్డాడు! మనిషి పడ్డాడు!" అని ఎవరో అరిచారు. ఓడ ఓడంతా పరుగెత్తుకొచ్చి, అంచుకి చాలా దూరంలో ఆగిపోయింది. అక్కణ్ణించి నీళ్ళు కనిపించవు. నూకరాజు అసలే కనిపించడు. అయినా చదువు చదువే. ఎవడో మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. "కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్ళు, ఊపిరి!" గొంతులు చించుకుని అరిచారు. కెప్టెన్ గారు నీళ్ళలోకి విసిరే రింగు, లైఫ్‌బాయ్ తెమ్మన్నారు. దానికి సీలు ఉంది. సీలు విప్పాలంటే ఎవరి అనుమతి కావాలో ఎవరికీ గుర్తు రాలేదు. పడవ దించమన్నారు. అందరూ పడవ చుట్టూ చేరి, గోడమీది బొమ్మలో మొదటి తాడు ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అని వాదించుకున్నారు. ఒక శ్రద్ధాపరుడు మాత్రం 'తడి నేల, జాగ్రత్త' బోర్డు తెచ్చి, నూకరాజు జారినచోట జాగ్రత్తగా నిలబెట్టాడు. అంచుకి దూరంగానే.

కింద నూకరాజు ఉప్పునీళ్ళు మింగుతూ, దగ్గుతూ, డ్రమ్ముని ప్రాణంలా కావిలించుకుని ఉన్నాడు. చిన్నప్పటి బావే మళ్ళీ, ఈసారి గోడల్లేకుండా. పైనించి పాఠం స్పష్టంగా వినిపిస్తోంది. వరాలు నెత్తి మీద తను వేసిన చెయ్యి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అంత దూరం వెళ్ళిపోయిన కూరగాయల పడవవాళ్ళకి ఈ భజన వినబడింది. సముద్రం మధ్యలో ఈ గోలేమిట్రా అని వెనక్కి తిరిగారు. డ్రమ్ముతో సహా నూకరాజుని కాలరు పట్టుకుని పైకి లాగేశారు. వాళ్ళకి ఏ సర్టిఫికెట్టూ లేదు.

సంస్థలో అత్యవసర సమావేశం జరిగింది. ప్రమాదానికి మూలకారణం సముద్రమనీ, సముద్రం సంస్థ పరిధిలోకి రాదనీ కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. షీల్డుకి ఢోకా లేదు. పైగా తమ విద్యార్థి సముద్రంలో పడి ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంతకంటే శిక్షణ గొప్పతనానికి నిదర్శనం ఏం కావాలి? సన్మానం ఏర్పాటు చేశారు.

తివాచీ పరిచిన ఆ కొలను మీదే సభ. వేదిక పక్కన అద్దాల పెట్టెలో నీలం డ్రమ్ము, మెళ్ళో బంతిపూల దండ. దాన్ని డైరెక్టర్ గారు ఓడ కంపెనీకి స్వయంగా చెప్పి తెప్పించారు. నూకరాజుకి శాలువా కప్పారు. వరాలు మొదటి వరసలో కూర్చుంది. జరిగిందంతా అతను ఇంటికి రాగానే చెప్పేశాడు. అబద్ధం సంగతి కూడా చెప్పాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

డైరెక్టర్ గారు మైకు అందుకుని, "ఆ విపత్కర సమయంలో మన సంస్థ నేర్పిన ఏ అంశం మిమ్మల్ని కాపాడిందో నాలుగు మాటల్లో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను" అన్నారు.

నూకరాజు మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. "మీరు నేర్పినవన్నీ గుర్తొచ్చేయండి బాబూ. ఒక్కటీ మర్చిపోలేదు. పైనించి మావోళ్ళు కూడా చెప్తన్నారు. గానీ అవి చెయ్యాలంటే డ్రమ్ము వదిలీయాలండి. అందుకని వదల్లేదు."

హాలు నవ్వులతో, చప్పట్లతో దద్దరిల్లింది. వినయం చూడండి, ఎంత చమత్కారం చూడండి అని కమిటీ సభ్యులు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. వచ్చే బ్యాచ్ నుంచి డ్రమ్ము పట్టుకోవడం కూడా పాఠంలో చేరుస్తున్నట్టు డైరెక్టర్ గారు అక్కడికక్కడే ప్రకటించారు. డ్రమ్ము కాలిమీద పడే ప్రమాదం ఉంది కనక బొమ్మ గీయిస్తామన్నారు.

చప్పట్లు ఆగాక వరాలు లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపుకుంది.

"నాదొక్క మాట బాబూ. సోమవారం మా ఆయన మళ్ళీ ఓడెక్కాలంట. ఈలోగా మీరు ఆయన్ని నీళ్ళలోకి ఎప్పుడు దింపుతారు?"

డైరెక్టర్ గారు ఆమె వైపు ఎంతో ఆదరంగా, తండ్రిలాగా చూశారు.

"అమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ సంస్థలో అలాంటి ప్రమాదం జరగనివ్వను."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. అందరూ టిఫిన్లకి లేచారు. వరాలు కదలకుండా కుర్చీల మధ్య, గోడమీది 'లోతు ఎనిమిది అడుగులు' అన్న బోర్డు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. నూకరాజు శాలువా మడిచి చంకలో పెట్టుకుని అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళాడు. ప్లేటులో ఉప్మాతో అటుగా వచ్చిన సుందరం మాస్టారిని ఆపాడు.

"మాస్టారూ, ఆ డ్రమ్ము నాకిచ్చీమని చెప్తారా? సోమవారం ఓడెక్కాలి."

మాస్టారు చెంచా నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. అటూ ఇటూ చూసి, పెట్టె మీద అంటించిన కాగితాన్ని వేలితో చూపించాడు. 'ప్రదర్శన వస్తువు. తాకరాదు.'

"సీలేశారోయ్" అని, ఉప్మా చల్లారిపోతుందని వెళ్ళిపోయాడు.